ఆఖరి పేజీ ఒప్పుకోలు

పేర్లు లేకుండ చరిత్ర రాయాలంటే ఎట్ల రాయాలె? నాకు ఇప్పటికీ తెల్వది. తెల్వకుండనే ఎనిమిది పేజీలు రాసిచ్చిన, అది అచ్చు కూడ అయింది. చదివినోళ్లు బాగున్నదన్నరు. ఏం బాగున్నదో వాళ్లకైనా తెలుసో లేదో.

మా సంఘానికి ఒక పత్రిక ఉండె. పదిహేను రోజులకొకసారి వస్తుండె. సంఘం అంటే పెద్ద ఆశ్రమం, ఏనుగులు, గోపురాలు అనుకోవద్దు. నారాయణగూడల ఒక పాత మేడ మీద హాలు, అండ్ల ఒక దీపం, దీపం ముంగట చాపలు. అంతే. ఆదివారం పొద్దున పోయి కూసుంటం, పాటలు పాడుకుంటం, ఇంటికొస్తం. ఈ సంఘాన్ని మొదలువెట్టినాయనను మేమంత పెద్దాయన అనే అంటం. ఆయన కాషాయం కట్టలె, గడ్డం పెంచలె. పోస్టాఫీసుల నౌకరి చేసి, పింఛన్ తీసుకొని, సైకిల్ మీద తిరిగిండు.

ఆయన పత్రికకు వెట్టిన రూల్ ఒక్కటే. ఎవ్వరి పేరూ అచ్చు కావద్దు. రాసినోళ్లది కాదు, పాట కట్టినోళ్లది కాదు, చివరికి ఆయనది కూడ కాదు. పేరు కనవడితే మనిషి ఉబ్బుతడు అంటుండెనట. సర్కారు కానూన్ ప్రకారం అచ్చు వేసినోళ్ల పేరొకటి ఉండాలె గనక ఆఖరి పేజీ అడుగున చీమలంత అక్షరాలతోటి ఒక పేరుంటుండె. పత్రిక చేతికి రాంగనే ఆ అడుగు మీద ఆయన బొటనవేలు వెట్టి మూసి చదువుతుండెనట.

ఇప్పుడు ఆ పత్రిక కాయితం మీద ఆగిపోయింది. ఇగ నుంచి ఫోన్లనే వస్తది. ఆఖరి సంచికల పత్రిక చరిత్ర ఉండాలని, అది నేనే రాయాలని కార్యదర్శిగారు అన్నరు. ఆయన నాకంటే పదేండ్లు పెద్ద. వాళ్ల నాయిన రాజధాని మారినప్పుడు ఆంధ్ర నుంచి ఆఫీసుతోటి పాటు వచ్చి ఈడనే ఉండిపోయిండు. ఈయన పెరిగింది అశోక్ నగర్లనే, అయినా మాట మాత్రం ఇంట్ల మాటే.

"మీరైతే ముప్ఫై ఏళ్ల నుంచి ప్రూఫులు దిద్దుతున్నారమ్మా. మీకు తెలియంది ఏముంటుంది?" అన్నరు.

ప్రూఫులు దిద్దెటోళ్లకు అక్షరాలు కనవడ్తయి గని విషయం కనవడదని ఎవరన్న ఆయనకు చెప్పాలె. నేను కరెంటాఫీసుల పని చేసి రిటైరైన. ముప్ఫై ఏండ్లు ఆదివారం మధ్యాహ్నాలు ఎర్ర కలం వట్టుకొని ఒత్తులు, దీర్ఘాలు సవరించిన. ఏ వ్యాసం ఏం చెప్పిందో అడిగితే ఒక్కటి చెప్పలేను. ఈ మాట ఆయనతోటి అనబుద్ధి కాలె. సరే అన్న.

సంఘం ఆఫీసు అశోక్ నగర్ల ఒక గల్లిల రెండర్రలు. కింద చదువుకునే హాలు, గ్రూప్స్ పరీక్షలకు తయారయ్యే పిల్లలు పొద్దుగాలనే వచ్చి సీట్లు వట్టుకుంటరు. మెట్ల మీద వాళ్ల చెప్పులే. వాటిని తప్పించుకుంట పైకి ఎక్కేసరికి నా మోకాళ్లకు ఒక పరీక్ష అయిపోతుండె. పై అర్రల మూడు రేకు పెట్టెలు. ఒకదాంట్ల పత్రిక పాత సంచికలు బైండు చేసినయి, మిగిలిన రెండిట్ల గుడ్డ మూటలు.

చరిత్ర మొదలువెట్టిన. మొదట్ల నారాయణగూడల ఒక చిన్న ప్రెస్సుల చేతి కంపోజింగు. అచ్చయిన కాయితాలు రిక్షాల హాలుకు వస్తుండె. ఆదివారం ప్రార్థన అయినంక పిల్లలమంత వరుసగ కూసొని మైదా లై తోటి చుట్టు కాయితాలు అంటిస్తుంటిమి. ఆ రోజంత చేతులు బంక బంకగుండి, ఇంటికి పోయి అన్నం తింటే అన్నం కూడ లై లెక్కనే ఉండేది. ఇదంత బాగనే రాసిన. తర్వాత? ఎవరు రాసిన్రు, ఎవరు నడిపిన్రు, ఎవరు కొట్లాడిన్రు? పేర్లు లేవు. బైండ్ల పేజీలు తిప్పినా కొద్ది అంతా మంచి మాటలే, చెప్పిన మనిషి మాత్రం ఎక్కడా లేడు.

పెద్దాయన పోయిన పక్షం సంచిక ఉన్నది. ముందు పేజీల ఒక్కటే వాక్యం. ఈ పక్షం నుంచి దీపం వెలిగించే చెయ్యి మారింది. మిగిలిన పేజీ అంతా తెల్లగ ఇడిచిన్రు. ఆయన ఫలానా నాడు పోయిండని ఒక్క ముక్క లేదు. తర్వాత సంచికల మళ్ల మామూలే, పాటలు, ప్రశ్నలు, జవాబులు. దీన్ని చరిత్రల ఎట్ల రాయాలె? ఆయన పోయిండని రాస్తే పేరు రాయాలె, పేరు రాస్తే ఆయన మాట తప్పినట్టు. నేను ఆ వాక్యాన్నే ఎత్తి వెట్టి, పక్క పేజీకి పోయిన.

ఇగ భాష కొట్లాట ఒకటి. ఆంధ్ర నుంచి వచ్చిన కుటుంబాలు పత్రికంటే పుస్తకం భాషల ఉండాలన్నరట, మావోళ్లేమో మా ఇండ్లల్ల మాట్లాడెటట్టు రాస్తే ఏం పోతది అన్నరట. ఒక ఏడాది ఒక సంచిక అట్ల, ఒక సంచిక ఇట్ల వచ్చింది. చివరికి పుస్తకం భాషనే నిలబడ్డది. ఎవరు గెలిచిన్రో అర్థమైతది గని ఎవరు ఓడిన్రో పేరు తెల్వది. ఓడినోళ్లల్ల మా నాయిన ఉన్నడని ఇంట్ల విన్న. అచ్చుల మాత్రం ఎక్కడా లేదు.

అన్నిటికంటే ఎక్కువ మంది చదివింది ఆఖరి పేజీ. అండ్ల ఎడమ దిక్కు అడుగున "ఒప్పుకోలు" అని ఉంటుండె. సంఘం మనుషులు తాము చేసిన తప్పు ఒకటి రాసి హాలుల పెట్టిన రేకు డబ్బాల ఏస్తరు. ప్రతి పక్షం అండ్లకెళ్లి ఒకటి అచ్చయితది. అత్తకు పాలల్ల నీళ్లు కలిపి ఇచ్చినామె, తమ్మునికి వచ్చిన ఉత్తరం దాచిపెట్టినాయన, ప్రార్థనల కండ్లు మూసుకొని క్రికెట్టు గురించి ఆలోచించినోడు. రాసి అచ్చయితే ఆ తప్పు అక్కడికి అయిపోయింది, మళ్ల దాని ఊసెత్తొద్దని పెద్దాయన చెప్పిండు. పత్రిక ఇంటికి రాంగనే అందరు వెనక నుంచి తెరుస్తుండె. నేను కూడ అంతే.

ఈ ఒప్పుకోళ్ల గురించి ఒక పేజీ రాయాలె గదా అని గుడ్డ మూటలు విప్పిన. ప్రెస్సుకు పోయి వాపస్ వచ్చిన రాత ప్రతులు అవి, ఏడాదికొక మూట. కాయితం అంటే సరస్వతి, పారెయ్యొద్దని దాచిన్రు. నాకు మూడేండ్లున్న ఏడాది మూట విప్పంగనే ఒక కాయితం తాన ఆగిన. అది మా అమ్మ చేతిరాత.

అమ్మ రాతను నేను ఎక్కడైనా గుర్తువడ్త. అక్షరాలన్ని ఎడమకు ఒరిగి ఉంటయి, వాక్యం అయిపోయిన తాన చుక్క వెట్టకుండ చిన్న గీత గీస్తది. స్కూలుల నా పుస్తకాల మీద పేరు అమ్మనే రాస్తుండె. ఆ రాత తోటి ఈ కాయితం మీద ఇట్ల ఉన్నది:

"నేను నా మూడేళ్ల బిడ్డను పొరుగింట నిద్రపుచ్చి, రెండు చీరలు సంచిలో పెట్టుకొని కాచిగూడ స్టేషనుకు వెళ్లాను. ఎక్కడికి వెళ్లాలో నాకే తెలియదు. టికెట్టు కిటికీలో ఎక్కడికమ్మా అని అడిగితే చెప్పలేక పక్కకు తప్పుకున్నాను. రెండు బళ్లు నా ముందే వెళ్లిపోయాయి. సాయంత్రానికి తిరిగి వచ్చాను. బిడ్డ నన్ను చూసింది. ఏడవలేదు. పొరుగింటి ఆమె ఒడిలోనే కూర్చుంది. వదిలి వెళ్లడం నా తప్పు."

రెండు సార్లు చదివిన. మూడోసారి చదువుదామంటే కండ్లద్దాలు మసక అయినయి. మూడేండ్ల బిడ్డ అంటే నేనే. పక్కింటామె అంటే చిక్కడపల్లిల మేము కిరాయికున్న ఇంట్ల పక్క వాటా ఆమె, ఆమె ఒడిల నేను పెరిగిన అని ఇంట్ల అందరు నవ్వుకుంట చెప్తుండె. ఇంక సందేహం ఏమున్నది? ఆ కాయితం మడత వెట్టి నా సంచిల వెట్టుకున్న. సంఘం కాయితం బయటికి తీస్కపోవద్దని రూల్. నేనేమో దొంగతనం చేసిన, అదీ ఒప్పుకోలు కాయితాన్ని.

అక్కడి నుంచి ఇంటికి నడిచి పోయేది పావుగంట దారి. ఆ రోజు నేను చిక్కడపల్లి మార్కెట్టు దాటిన సంగతే తెల్వదు. ఎవరో ఆటోయన హారన్ కొడితే తలెత్తి చూస్తే బాగ్ లింగంపల్లిల ఉన్న. అరవై దాటిన మనిషిని, పుట్టి పెరిగిన బస్తీల తోవ తప్పిన. వెనక్కు తిరిగి నడుసుకుంట ఏమేమో అనుకున్న. అమ్మ ఎందుకు పోయింది? నాయిన ఏమన్న అన్నడా? మంచివాడే గదా, కోపం ఒక్కటే ఎక్కువ. సరే, పోతే పోయింది, వాపస్ వచ్చింది గదా. ఆ ముచ్చట కాదు నన్ను కొరికింది. ఏడవలేదు అన్న ముక్క. అమ్మ పొద్దున పోయి సాయంత్రం వస్తే నేను ఏడ్వలేదా? అంత రాతి గుండెనా నాది? లేకుంటే ఆమె నాకు అసలు అమ్మ లెక్క అనిపించలేదా?

అమ్మకు ఎనభై నాలుగు. నా తానే ఉంటది. చెవులు జర తక్కువ, మిగిలినయన్ని సాఫ్. నేను ఇంట్లకు పోయేసరికి కిటికీ దగ్గర కూసొని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నది.

"ఎండల ఏడ తిరుగుతున్నవే?" అన్నది.

"ఏడ తిరిగితే నీకేంది?" అన్న. ఎన్నడూ అట్ల అనలె నేను.

అమ్మ నా మొఖం చూసి, మళ్ల చిక్కుడుకాయలు చూసుకున్నది. ఆ రోజు నుంచి తొమ్మిది రోజులు నేను అమ్మతోటి సరిగ్గ మాట్లాడలె. అడిగితే ఊ, లేకుంటే ఆ. చాయ్ ఇచ్చేటప్పుడు గిలాస పక్కన వెట్టి పోయిన, చేతికియ్యలె. చారుల ఉప్పు తక్కువైతే ఎప్పటిలెక్క ఆమె చెప్పలె, నేను అడగలె. నాకు తెలుసు అది చిన్నపిల్లల అలక అని. చెయ్యొద్దనుకుంటనే చేసిన. నాకు నా మీద కోపం, ఆమె మీద కోపం, ఆ మూడేండ్ల పిల్ల మీద కూడ కోపం. ఏడిస్తే ఏం పోతుండె దానికి?

అసలు అడిగేస్తే అయిపోయేది. గని ఎట్ల అడుగుత? రాసి అచ్చయినంక దాని ఊసెత్తొద్దన్నది సంఘం మాట. నేను ఆ మాట మీదనే పెరిగిన. ఎవరన్న ఒప్పుకోలు ఎవరిదో ఊహించుడు షురూ చేస్తే అమ్మనే కసురుతుండె, పాపం తగుల్తదని. అట్లాంటామెను కూసోవెట్టి, ఇది నీదేనా అని అడగాల్నా?

పదో రోజు చరిత్ర చిత్తు ప్రతి తీసుకొని ఆఫీసుకు పోయిన. కార్యదర్శిగారు కళ్లద్దాలు ముక్కు మీదికి దింపి ఏడు పేజీలు చదివిన్రు. ఎనిమిదోది ఖాళీ. పైన "ఒప్పుకోలు" అని ఒక్క మాట రాసి ఇడిచిన.

"ఇదేంటమ్మా, అసలు సంగతి వదిలేశారు?" అన్నరు.

"ఏం రాయాల్నో సమజ్ కాలె సార్. మూటలల్ల రాత ప్రతులున్నయి గదా. చేతిరాత చూస్తే ఎవరు రాసిందో తెలిసిపోతది. మరి ఎవ్వరికి తెల్వొద్దన్న రూలు ఏమైనట్టు?"

ఆయన నన్ను వింతగ చూసిన్రు. "అవి రాసినవాళ్ల చేతిరాతలు కాదుగా. మీకు తెలీదా? ఎత్తిరాత గురించి మీ అమ్మగారు ఎప్పుడూ చెప్పలేదా?"

నాకు తెల్వది. నేను ప్రూఫులు దిద్దుడు మొదలువెట్టేసరికి అందరు టైపు చేయించి ఇస్తున్నరు. ఆయన కుర్చీ జరుపుకొని నిమ్మళంగ చెప్పిన్రు. డబ్బాల వడ్డ ఒప్పుకోళ్లను అట్లనే ప్రెస్సుకు పంపితే చేతిరాత గుర్తువడ్తరని పెద్దాయన ఒక పద్ధతి వెట్టిండట. ప్రార్థన అయినంక వెనకర్రల నలుగురైదుగురు ఆడోళ్లు కూసుంటరు. డబ్బా తెరిచి తలా ఒకటి తీసుకొని, తమ చేతిరాతల ఎత్తిరాస్తరు. అసలు కాయితాన్ని దీపంల కాలుస్తరు. తను రాసిందే తన చేతికి వస్తే మళ్ల డబ్బాల ఏసి ఇంకొకటి తియ్యాలె.

"అంటే ఎవరి చేతిరాతలో ఉంటే, అది కచ్చితంగా వాళ్లది కానట్టు," అన్నరు ఆయన. "ఇంకో రూలు కూడా ఉండేది. రాసినవారి మాటతీరు తెలియకుండా పుస్తకం భాషలోకి మార్చాలి. ఒక్క గుర్తు మార్చాలి. ఊరో, వయసో, జరిగిన దాంట్లో ఒక ముక్కో. ఏది మార్చారో ఎవరికీ చెప్పకూడదు. మీ అమ్మగారు చాలా ఏళ్లు ఎత్తిరాశారమ్మా. అక్షరం ముత్యంలా ఉండేది."

నాకు చిన్నప్పటి వెనకర్ర యాదికొచ్చింది. ఆడోళ్లు వంగి రాసుకుంట కూసునేది. ఉత్తరాలు రాస్తున్నరనుకున్న. ఎవ్వరు మాట్లాడకపోతుండె. నేను పోతే అమ్మ చేత్తోటి పో పో అని సైగ చేస్తుండె.

తొమ్మిది రోజుల కోపం ఒక్కసారి దిగిపోయి నాకు సిగ్గనిపించింది, నవ్వొచ్చింది, కండ్లల్ల నీళ్లు కూడ వచ్చినయి. అమ్మ రాతల ఉన్నది అంటే అమ్మది కానే కాదు. ఎవరో పాపం ఏ గల్లిలనో తన బిడ్డను ఇడిచిపోయి వచ్చింది. నేనేమో అమ్మకు చాయ్ చేతికియ్యకుండ తిప్పలువెట్టిన. కార్యదర్శిగారు ఎందుకు నవ్వుతున్నరని అడిగితే, ఏం లేదు సార్, ఎనిమిదో పేజీ దొరికింది అన్న.

నారాయణగూడ దిక్కు పోయి అమ్మకు ఇష్టమైన మిఠాయి, బాలుషాలు తీసుకున్న. ఇంటికి పోంగనే పొట్లం విప్పి ఆమె చేతిల వెట్టిన. చేతిలనే వెట్టిన, పక్కన కాదు.

"ఏందే, అలక తీరిందా?" అన్నది.

"అమ్మా, నువ్వు ఎత్తిరాసెటోళ్లల్ల ఉంటివట గదా. నాకు ఎన్నడు చెప్పలె."

"చెప్పేది కాదు గదా అది."

"నేను పిచ్చిదాన్ని. మూటల నీ రాత చూసి అది నీదే అనుకున్న. కాచిగూడ స్టేషన్ ముచ్చట. బిడ్డను ఇడిచిపోయి సాయంత్రం వచ్చిన ఆమెది. తొమ్మిది రోజుల నుంచి అదే పరేషాన్ నాకు."

నేను నవ్వుకుంట చెప్తున్న. అమ్మ నవ్వలె. బాలుషా తుంచింది తుంచినట్టే పొట్లంల వెట్టింది. చేతులు కొంగుకు తుడుచుకున్నది. కిటికీ దిక్కు తిరిగింది. ఆ ఊసు ఎత్తకపోతే అయిపోవునని అప్పుడు అనిపించింది.

"ఆ ఐతారం మస్తు వాన," అన్నది అమ్మ. "కవాడిగూడ నుంచి వచ్చెటామె రాలె. ఎవ్వరు రాలె. వెనకర్రల నేనొక్కదాన్నే. ప్రెస్సుకు పోవాల్సిన రోజు. డబ్బా తెరిస్తే ఒక్కటే కాయితం ఉన్నది. అది నాదే. మళ్ల డబ్బాల ఏసి ఇంకొకటి తియ్యాలె గదా. ఇంకొకటి లేదు. ఆఖరి పేజీ ఖాళీ పోతది. నాదే నేను ఎత్తిరాసిన."

పది రోజులల్ల ఒకటే విషయం మూడుసార్లు తిరగవడ్డది. అమ్మదే అనుకున్న, కాదనుకున్న, మళ్ల అమ్మదే.

"అది తప్పు," అన్నది అమ్మ. "నాది నేను ఎత్తిరాసుకున్నది తప్పు. అది ఒక్కటి ఇప్పటిదాంక ఒప్పుకోలె నేను. డబ్బాల ఎయ్యలె. పెద్దాయనకు కూడ చెప్పలె."

అమ్మకు బాధ దాని గురించి. బిడ్డను ఇడిచిపోయింది ఆమె దృష్టిల రాసి, అచ్చయి, కాలి, ఎన్నడో అయిపోయింది. నేనేమో ఇయ్యాల మోస్తున్న. అమ్మ మోస్తున్నదేమో వానల ఒక రూలు తప్పిన ముచ్చట. ఇద్దరం ఒకటే కాయితం గురించి మాట్లాడుతున్నమా అనిపించింది నాకు.

"ఎందుకు పోయినవ్ అమ్మా?" అని అడిగిన. అడగొద్దని తెలుసు. అడిగిన.

"తెల్వది బిడ్డా. అప్పుడూ తెల్వది. పొద్దున అన్నం వండిన, సంచి వట్టుకున్న, పోయిన. ఎక్కడికమ్మా అంటే చెప్పరాలె. ఊరి పేరు ఒక్కటి నోట్లకు రాలె."

"నేను ఏడ్వలెనట గదా."

అమ్మ నా దిక్కు తిరిగింది. "ఏమన్నవ్?" అన్నది. చెవులు తక్కువ గదా, వినవడలేదనుకొని మళ్ల చెప్పిన. నేను ఏడ్వలెనట, ఆమె ఒడిలనే కూసున్ననట.

అప్పుడు అమ్మ ఏడ్చింది. నాయిన పోయిన నాడు కూడ నలుగురి ముంగట ఏడ్వలె ఆమె. శబ్దం లేదు, కండ్లకెళ్లి నీళ్లు కారుకుంట చీర మీద వడ్డయి. తుడుచుకోలె.

"ఒక్క గుర్తు మార్చాలె గదనే," అన్నది. "అదే మార్చిన. నువ్వు ఎట్ల ఏడ్చినవ్ అనుకుంటున్నవ్? పొద్దున లేచిన కాడి నుంచి ఏడుపేనట. గల్లి అంత వినవడ్డదట. నేను వచ్చేసరికి గొంతు వోయి ఉన్నది నీకు. నా కాళ్లకు చుట్టుకొని ఇడువలె. రెండు రోజులు కొంగు వట్టుకొనే తిరిగినవ్, పండుకున్నా ఇడువలె. అది రాస్తే చిక్కడపల్లిల గుర్తువట్టనోళ్లు ఎవరు? అందుకని ఏడ్వలేదని రాసిన."

నేను పోయి ఆమె పక్కన కూసున్న. చెయ్యి వట్టుకున్న. నాకు సంబరమైంది, దుఃఖమైంది, ఏది ముందొచ్చిందో చెప్పలేను. ఇన్నేండ్లకు తెలిసింది నేను ఏడ్చిన్నని. అయితే ఆ మాట నమ్మాల్నా? ఎనభై నాలుగేండ్ల మనిషి, నా మొఖం చూసి, నన్ను ఊకోవెట్టనీకె అప్పటికప్పుడు అన్నదేమో. అసలు కాయితం దీపంల కాలిపోయింది. పక్కింటామె పోయి చాన ఏండ్లయింది. ఆ ఇల్లు కూలగొట్టి అపార్టుమెంటు కట్టిన్రు. అడుగుదామంటే ఎవరున్నరు? మార్చిన గుర్తు ఏదో అమ్మకొక్కదానికే తెలుసు, ఆమె చెప్పేదే లెక్క.

మరునాడు ఎనిమిదో పేజీ రాసిన. ఎత్తిరాత గురించి, డబ్బా గురించి, ఒక్క గుర్తు గురించి రాసిన. అమ్మ ముచ్చట రాయలె. దొంగిలించుకొచ్చిన కాయితం వాపస్ మూటల వెట్టిన. కార్యదర్శిగారు సంతోషపడ్డరు. పడి, ఇంకో పని చెప్పిన్రు. ఆఖరి సంచిక గదా, ఆఖరి పేజీల ఒప్పుకోలు లేకుంటే ఎట్ల, డబ్బా చూస్తే ఖాళీగుంది, ఎవరూ ఏసి చాలా ఏండ్లయింది అన్నరు.

ఇంటికొచ్చి నేనే రాసిన. సగం కాయితమే. ఇట్ల రాసిన: "నాకు అరవై దాటినయి. మా అమ్మ ఎన్నడో ఒప్పుకున్న తప్పును దొంగతనంగ చదివిన. తొమ్మిది రోజులు ఆమెకు చాయ్ చేతికియ్యలె. ఊసెత్తొద్దన్నది ఎత్తిన. అడగొద్దన్నది అడిగి ఆమెను ఏడిపించిన. అడగంగ తెలిసిందాని తోటి నాకు మేలే అయింది. అది ఇంకా పెద్ద తప్పు." మడిచి సంచిల వెట్టుకున్న, డబ్బాల ఏద్దామని.

ఆదివారం అమ్మను ఆటోల ఎక్కించుకొని హాలుకు తీస్కపోయిన. మెట్లెక్కనీకె ఇద్దరు వట్టుకోవాల్సొచ్చింది. నా కాయితం డబ్బాల ఏసిన. ప్రార్థన అయినంక అందరు చూస్తుండంగనే అమ్మ కర్ర వట్టుకొని వెనకర్రలకు పోయింది. నన్ను రావొద్దని చేత్తోటి సైగ చేసింది, చిన్నప్పటి సైగనే. కార్యదర్శిగారు డబ్బా, ఒక దీపం తీస్కపోయి ముంగట వెట్టి, కాయితం, కలం ఇచ్చి వచ్చిన్రు. అరగంట అయింది. కలం గీసిన చప్పుడు కూడ లేదు. బయటికి వచ్చేసరికి అమ్మ వేళ్లకు మసి ఉన్నది. నా కాయితాన్ని దీపంల కాల్చేసింది.

ఎత్తిరాసింది ఏమున్నదో నేను చూడలె, అడగలె. ఒకసారి అడిగి బుద్ధొచ్చింది. అది టైపు అయి, మిగిలిన పేజీలతోటి కలిసి ప్రూఫుకు నా దగ్గరికే వచ్చింది. వేరే ఎవరున్నరు దిద్దనీకె?

చరిత్ర ఎనిమిది పేజీలు దిద్దిన. ఒత్తులు పోయిన తాన ఒత్తులు వెట్టిన. ఆఖరి పేజీకి వచ్చిన. ఎడమ దిక్కు అడుగున ఒప్పుకోలు. అంతా పుస్తకం భాషల ఉన్నది, అరవై దాటిన నేను అని మొదలై, తొమ్మిది రోజులు చేతికి టీ ఇవ్వలేదు అని నడుసుకుంట పోయింది. నా మాటలే, వేరే బట్టలు కట్టుకొని వచ్చినట్టున్నయి. చదువుకుంట పోయి, అడగకూడనిది అడిగాను అన్న తాన ఆగిన. దాని పక్కన ఇట్ల ఉన్నది: "తల్లి ఏడవలేదు."

అమ్మ మార్చింది అదొక్కటే. వయసు మార్చొచ్చు, తొమ్మిదిని పది చెయ్యొచ్చు, చాయ్‌ని అన్నం చెయ్యొచ్చు. అవన్ని ఇడిచిపెట్టి ఏడుపు మీదికే పోయింది ఆమె చెయ్యి. అప్పుడు కూడ అదే పోయిందన్నట్టు. ఇది రుజువు అంటరా, నాకు తెల్వది. ఎర్ర కలం చేతిల వట్టుకొని ఎంతసేపు కూసున్ననో కూడ తెల్వది. లోపల్నుంచి అమ్మ, చాయ్ పెడ్తవా పెట్టవా అని పిలిచింది.

ముప్ఫై ఏండ్లల్ల తప్పని తెలిసీ నేను దిద్దకుండ ఇడిచింది ఆ ఒక్క వాక్యం. పేజీ అడుగున "సరి చూసిన" అని రాసి, లేచి చాయ్ వెట్టిన.